దోమల లెక్కతో జూబ్లీహిల్స్‌లో మూడు రోజులు

ఆగస్టు 11, సోమవారం, సాయంత్రం 6 గంటల 35 నిమిషాలకు ఇంటికి తాళం వేశాను. తాళం రెండుసార్లు లాగి చూసి, సంచిలో పదిహేడు నోటు పుస్తకాలూ ఉన్నాయో లేదో ఇంకోసారి లెక్కపెట్టి ఆటో ఎక్కాను. వెళ్ళొస్తానని చెప్పడానికి ఎదురింటివాళ్ళు లేరు. జూన్ 2న వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు.

మాది గోదావరి కాలువ పక్కన ఒక ఊరు. నేను ప్రభుత్వంలో దోమల్ని లెక్కపెట్టే ఉద్యోగం చేశాను. పొడుగాటి పిడి ఉన్న తెల్ల గిన్నెతో మురుగు నీళ్ళు తోడి, అందులో కదిలే దోమ పిల్లల్ని, అంటే లార్వాల్ని, లెక్కపెట్టి కాగితం మీద వేయాలి. ఆ గిన్నెను డిప్పర్ అంటారు. యాభై ఎనిమిదో ఏట ఉద్యోగం అయిపోయింది కానీ చెయ్యి ఊరుకోలేదు. 2008 ఆగస్టు 14 గురువారం నుంచి మా వీధి కాలువలో సొంతంగా లెక్క మొదలుపెట్టాను. ప్రతి గురువారం సాయంత్రం, ఆరు చోట్ల, చోటుకు పదిసార్లు ముంచి చూడడం. ఏడాదికో పుస్తకం. నిన్నమొన్నటి ఆగస్టు 7 వరకూ ఎనిమిది వందల ఎనభై ఏడు గురువారాలు. ఒక్క గడి ఖాళీ లేదు.

దోమల మీద నేను పత్రికకు రాసిన ఉత్తరం చూసి హైదరాబాదు నుంచి సుజన అనే అమ్మాయి ఫోను చేసింది. ప్రాణుల పుట్టుకనూ చావునూ సమీకరణాలుగా రాసే చదువు ఒకటుందనీ, గణిత జీవశాస్త్రం అంటారనీ, తమకు ఇలాంటి లెక్కలు దొరకవనీ చెప్పింది. మే నెలలో పుస్తకాలన్నీ జిరాక్సు తీయించి పంపాను. ఆ తర్వాతి లెక్కలు ప్రతి శుక్రవారం తనే ఫోను చేసి రాసుకునేది. వారంలో నాకు వచ్చే ఫోను అదొక్కటే. మూడు రోజులు వచ్చి ఉండండి, కాగితం మీద లేనివి చాలా అడగాలి అంటే బయలుదేరాను.

బండ చుట్టూ ఇల్లు

జూబ్లీహిల్స్ రోడ్లకు పేర్లు లేవు, నంబర్లున్నాయి. నాలాంటిదానికి సుఖమే అనుకున్నాను. మంగళవారం పొద్దున స్టేషన్ నుంచి ఆటోలో, ముప్పై ఆరు తర్వాత ముప్పై ఏడు వస్తుందని కూర్చుంటే నలభై ఐదు వచ్చింది. ఆటో అతనితో అదే అన్నాను.

"గీడ నంబర్లు వరసకుండవమ్మా. ఎవరు ముందుగాల వస్తే గా నంబరు," అన్నాడు. నమ్మలేదు కానీ వేరే కారణం నాకూ తోచలేదు.

నేను దిగిన ఇల్లు ఒక పెద్ద బండను కొట్టకుండా దాని చుట్టూ కట్టింది. మెట్ల దగ్గర గోడ ఉండాల్సిన చోట బండ ఉంది. చెయ్యి పెడితే చల్లగా ఉంది. కింది అంతస్తు సినిమా నిర్మాత ఒకాయనది, తాళం వేసి ఉంది. పై అంతస్తు కిరాయికి తీసుకుని సుజనతో కలిపి ఐదుగురు పరిశోధకులు పనిచేసుకుంటారు. మూలగది నాకిచ్చారు. ఆ వారం ముగ్గురు ఊళ్ళో లేరు, ఉన్నది సుజన, ఆ పరిశోధనకు పెద్ద అయిన శంకరయ్య గారు, వంట చేసే యాదమ్మ.

యాదమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పులుసంటే కాగాలి. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ వేసి, పొయ్యి ముఖం చూపించకుండానే వడ్డిస్తారు. రెండుసార్లు పోయించుకున్నాను. ఆమె పక్కన కూర్చుంటుందేమో అనుకున్నాను. గిన్నెలు సర్దేసి, ఇంకో మూడిళ్ళున్నాయని పదకొండు కాకుండానే వెళ్ళిపోయింది.

సాయంత్రం ఒక్కదాన్నీ నడిచాను. ఎత్తూ పల్లమూ, పెద్ద గోడలూ, గోడలకు పైన పూల తీగలూ. నలభై నిమిషాల్లో నాకు ఎదురుగా నడిచి వచ్చిన మనుషులు ఇద్దరు, ఆ ఇద్దరూ ఎవరివో కుక్కల్ని తిప్పుతున్నారు. మా ఊళ్ళో కొత్త మనిషి వీధిలో అడుగుపెడితే ఎవరింటికమ్మా అని నలుగురైనా అడుగుతారు. ఇక్కడ గేటు దగ్గర కుర్చీల్లో ఉన్న వాచ్‌మన్లు కూడా అడగలేదు. ఒక కాఫీ కొట్టులో కప్పు రెండు వందల నలభై అన్నారు. మా ఊళ్ళో పదిహేను. చివరిదాకా తాగాను, కాఫీ కోసం కాదు, తెచ్చిచ్చిన అమ్మాయి "ఎలా ఉందండీ" అని అడిగింది కాబట్టి.

అందరూ అందరినీ కలిసే ఊరు

ఆ రాత్రి శంకరయ్య గారు తన పని గురించి చెప్పాడు. ఆయనకు యాభై ఏడేళ్ళు. ఎర్రగడ్డలో పుట్టాడు. తండ్రి మార్కెట్లో ఉల్లిగడ్డ బస్తాలు మోసేవాడట. తూకం చీటీలు రాసే పని పిల్లవాడిగా ఈయనది. ఏ రెండు బస్తాలూ ఒక్క బరువుండవని, అయినా వంద బస్తాలు కలిపితే ఎంత తూగుతాయో తూచకుండానే చెప్పొచ్చని అక్కడే తెలిసిందట. ఆ ఆశ్చర్యమే ఇంకా నడిపిస్తోంది అన్నాడు. భార్య నిజామాబాదులో కాలేజీ లెక్చరర్. ఆదివారానికి ఆదివారం కలుస్తారు. మిగతా ఆరు రోజులూ ఈయన కిటికీ దగ్గర నిలబడి డబ్బా అన్నం తింటాడు. కూర్చుంటే తినడానికి ఎక్కువసేపు పడుతుందట.

"ఇరవై రెండేండ్ల సంది దోమల మీదనే పని చేస్తున్న. ఒక్క దోమను గుడ చేత్తోని పట్టలేదమ్మా," అన్నాడు. "గవి నన్ను కుడుతయ్. నేను గవాటి గురించి రాస్త. గంతే మా సంబంధం."

జ్వరం ఒకరి నుంచి ఒకరికి పాకుతూ ఎప్పుడు పెరుగుతుంది, దోమలు ఎన్నికి తగ్గితే దానంతట అదే ఆగిపోతుంది, ఇదీ ఆయన లెక్క. తెల్ల పలక మీద రాసి చూపించాడు. అక్షరాలు తెలియకపోయినా వరస తెలిసింది. మొదటి అడుగులో ఏమనుకుంటారని అడిగాను.

"ఊర్ల అందరు అందర్ని ఒక్క తీరుగనే కలుస్తరని అనుకుంటం."

"అలాంటి ఊరు మీరు చూశారా?"

"చూడలే. లెక్క షురూ చెయ్యాల్నంటే ఏదో ఒకటి అనుకోవాలె గదమ్మా."

సాయంత్రం కుక్కలతో నడిచిన ఆ ఇద్దరూ నాకు గుర్తొచ్చారు.

అసలు సంగతి అప్పుడే చెప్పాడు. వానకూ దోమకూ మధ్య ఎన్ని వారాల ఎడం ఉంటుందో చూడడానికి పదిహేడేళ్ళపాటు ఒకే మనిషి, ఒకే చోట, ఒకే గిన్నెతో తీసిన లెక్క ఆయనకు ఇంకెక్కడా దొరకలేదట. నా పుస్తకాలు నిలబడితే వాటి మీదే వ్యాసం. నిలబడకపోతే రెండేళ్ళ పని పక్కన పెట్టాలి. "నిలబడతాయి" అన్నాను. ఆ మాట కొంచెం గట్టిగానే అన్నాను.

ఫిల్మ్ నగర్, ఫైబర్ ఏనుగు

బుధవారం పొద్దున సుజన నన్ను ఫిల్మ్ నగర్ తీసుకెళ్ళింది. ముప్పై మూడేళ్ళ పిల్ల, వేగంగా మాట్లాడుతుంది, నన్ను మామ్మగారూ అంటుంది. ఒక స్టూడియో వెనక, పనైపోయిన సెట్లు పారేసే స్థలం ఉంది. ప్లాస్టర్ కోట గుమ్మం, నడుం వరకే ఉన్న ఫైబర్ ఏనుగు, వెల్లకిలా పడేసిన సింహాసనం. అన్నిటిలోనూ వాన నీళ్ళు. లక్షలు పోసి చేసిన రాజుగారి ఆసనంలో దోమలు కాపురం పెట్టాయి.

ముందు సుజననే ముంచమన్నాను. సింహాసనంలో పదిసార్లు ముంచితే ఆరు లార్వాలు వచ్చాయి. పిల్ల సూర్యుడికి వీపు పెట్టి నిలబడింది. నీడ పడగానే లార్వాలు అడుగుకు దిగిపోతాయి. అవతలి పక్కకు వెళ్ళి, రెండు నిమిషాలు కదలకుండా ఆగి, గిన్నెను ఏటవాలుగా దించి నేను పదిసార్లు ముంచాను. ముప్పై ఒకటి. ఏనుగులో పన్నెండు. కోట గుమ్మంలో ఏమీ లేవు, నీళ్ళలో రంగు కలిసింది.

సుజన రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంది. తర్వాత, "ఎనిమిదేళ్ళ నుంచి ఊరూరి లెక్కలు వాడుతున్నాను మామ్మగారూ. ఎవరి నీడ ఎటు పడిందో నాకేం తెలుసు" అంది.

వాచ్‌మన్ కుర్చీ జరుపుకుని మమ్మల్నే చూస్తున్నాడు. "లెక్కపెడితే పోతయా అమ్మా అవి?" అన్నాడు.

"పోవు నాయనా."

"మరెందుకు?"

సుజన నవ్వేసింది. అతను సింహాసనం వంచి నీళ్ళు పారబోశాడు. మా ఇద్దరికీ తట్టని పని అది.

మధ్యాహ్నం ఒక మెస్‌లో గోంగూర, ముద్దపప్పు, ఆవకాయతో భోజనం నూట అరవై. అన్నం ఎంతైనా పెడతారు. చుట్టూ అందరూ సినిమా పని వాళ్ళే, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ తింటున్నారు. సుజన తన సంగతులు చెప్పింది. ఒకసారి నిశ్చితార్థం అయిందట. ఆ అబ్బాయి ఈ పని మానేసి పుణె రమ్మన్నాడట, ఈమె మానలేదు. "ఎందుకు చేసుకోలేదని అందరూ అడుగుతారు. మీరు అడగరేంటి?" అంది.

అడిగితే నా సంగతులు నువ్వు అడుగుతావు అన్నాను. నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

శ్రీనగర్ కాలనీ

ఆ సాయంత్రం 5 గంటల 10 నిమిషాలకు శ్రీనగర్ కాలనీలో ఆమె గదులకు వెళ్ళాం. రెండే గదులు. అలమరలో పుస్తకాల మధ్య ఒక పాత కత్తెర ఉంది. వాళ్ళ నాన్నది. ఆయన సినిమా ఎడిటింగ్ గదిలో ముప్పై ఏళ్ళు పనిచేశాడట. ఇప్పుడు లేడు. అప్పట్లో తీసిన బొమ్మ చాలకపోతే సముద్రపు అలను ఒకదాన్ని రెండు మూడు చోట్ల అతికేసేవారట. జనం పట్టుకోలేరు. ఆయన మాత్రం టీవీ ముందు కూర్చుని "ఈ అల ఇందాక వచ్చింది" అనేవాడట. తనకూ ఆ కన్ను వచ్చిందంది.

అలా అంటూనే కంప్యూటరు నా వైపు తిప్పింది. నా లెక్కలు. 2011 జూలై 14, 46. జూలై 21, 46. జూలై 28, 46.

"నడి వానాకాలం మామ్మగారూ. మూడు వారాలు ఒకే లెక్క. ఇలా పై వారం అంకే మళ్ళీ వచ్చిన వారాలు నూట నలభై ఉన్నాయి. ఇవి మీరు చూసి రాసినవేనా?"

"చూసే రాశాను" అన్నాను.

డెబ్బై అయిదేళ్ళ మనిషిని. ఆ పిల్ల పెట్టిన టీ చేతిలో ఉంది. ఆమె సరేనని కంప్యూటరు మూసేసింది. టీలో పంచదార సరిపోయిందా అని అడిగింది.

నేను పనిచేసిన చోట గడి ఖాళీగా ఉండకూడదు. ఖాళీ కనిపిస్తే సంజాయిషీ అడుగుతారు. వెళ్ళలేని వారం, పోయిన వారం లెక్కే కిందికి దించేవాళ్ళం. ఊహించి రాస్తే మోసం, దించితే కాదు, అదీ మాలో ఉన్న నీతి. ఉద్యోగంతో పోవాల్సిన ఆ అలవాటును నేను ఇంటికి తెచ్చుకున్నాను. నా మీద అధికారి ఎవరూ లేరు, సంజాయిషీ అడిగేవాళ్ళు లేరు. అయినా ఖాళీ గడి చూస్తే నాకు చెయ్యి ఆగేది కాదు.

గురువారం, ఆఫీసు బల్ల

గురువారం పొద్దున 7 గంటల 40 నిమిషాలకు శంకరయ్య గారు వచ్చీ రాగానే చెప్పేశాను. నిలబడే విన్నాడు. కోపం తెచ్చుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది.

"దించినవి దొరుకుతయమ్మా, మెషిన్ పట్టిస్తది. ఊహించి రాసినయి గుడ ఉంటే దొరకయ్. గప్పుడు మొత్తం పదిహేడేండ్లు తీసెయ్యాలె."

"ఊహించి ఒక్కటీ రాయలేదు."

"నిన్న సుజనకు గుడ గట్లనే చెప్పిన్రు గదమ్మా."

నిజమే. నా మాట నిన్న సాయంత్రం 5 గంటల 10 నిమిషాల వరకే చెల్లింది. నాకున్న ఆస్తి ఆ మాటా, ఆ పుస్తకాలూ. ఒకదానికొకటి సాక్ష్యం. రెండూ ఒకే పూట పోతున్నాయి.

దారి చెప్పింది సుజన. అనుమానపు వారాలు నూట నలభై. వాటిలో అంకె మారిన మరో అరవై మామూలు వారాలు కలిపి, అంకెలు నాకు చూపించకుండా, వరస తప్పించి తేదీలు చదువుతుంది. ఆ గురువారం వెళ్ళానో లేదో నేను చెప్పాలి. అన్నీ అయ్యాక మళ్ళీ వేరే వరసలో అడుగుతుంది. రెండుసార్లూ ఒకే జవాబు వస్తే ఆ వారానికి నా మాట చెల్లుతుంది. మామూలు అరవైలో ఏ ఒక్క వారం వెళ్ళలేదన్నా ఊహించి రాసినట్టే లెక్క. సాక్షిని పరీక్షించినట్టుంది అన్నాను. "కొలబద్దను పరీక్షిస్తున్నాం మామ్మగారూ" అంది.

9 గంటల 10 నిమిషాలకు మొదలుపెట్టాం. తేదీలు నాకు గుర్తుంటాయి, అదొక్కటే దేవుడిచ్చిన వరం. కానీ దించిన వారం గుర్తు రావాలంటే ఆ సాయంత్రం ఎందుకు వెళ్ళలేదో గుర్తు రావాలి.

2011 జూలై 21. అంతకు ముందు ఆదివారం, 17న, అక్క వచ్చింది. పనస తొనలు వలుస్తూ కూర్చున్నాం, తర్వాత అష్టాచెమ్మా వేశాం. నాలుగు గంటలకు లేద్దామంటే "కాలువ ఎక్కడికీ పోదు, కూర్చోవే" అంది. 28న కూడా అదే అంది. 2014 ఫిబ్రవరి 6. మా ఆయనతో సినిమాకు, రెండో ఆటకు, వెళ్ళాలని పొద్దుటి నుంచీ వంట ముగించే తొందర. 2009 నవంబరు 12. ఆయన కొత్త గొడుగు కొన్నాడు, అది చూపించడానికి నన్ను వానలో గోదావరి గట్టు దాకా నడిపించాడు. ఇవన్నీ సుజనకు చెప్పలేదు. "వెళ్ళలేదు" అని మాత్రం అన్నాను. ఆమె గీత పెట్టేది, ఇంకో తేదీ చదివేది.

మధ్యాహ్నం యాదమ్మ అన్నం పెట్టి మా ఇద్దరినీ చూసి, "ఏంది, ఇద్దరు గొడవ పెట్టుకున్నరా?" అంది. లేదన్నాం.

3 గంటల 25 నిమిషాలకు అయింది. మామూలు అరవై వారాలకూ రెండుసార్లూ వెళ్ళాననే చెప్పాను. నూట నలభైలో ఇరవై ఏడు నిజంగానే మళ్ళీ అవే వచ్చిన అంకెలు, ఎక్కువ ఎండాకాలంలోవి. తొంభై ఆరు దించినవి. పదిహేడింటికి మాత్రం పొద్దున ఒకటి చెప్పాను, మధ్యాహ్నం ఒకటి చెప్పాను. వాటి గురించి అడగడానికి ఇంకెవరైనా ఉన్నారా అంది సుజన. అక్క 2016లో పోయింది. ఆయన 2017 అక్టోబరు 8, ఆదివారం. లేరమ్మా అన్నాను.

"అనుమానమున్నయి గుడ తీసేద్దాం," అన్నాడు శంకరయ్య గారు. "మిగిలినయి ఉంచుత. గా మాట వ్యాసంల గుడ రాస్త, తీసినయి ఎవరు చెప్తే తీసినమో."

కొట్టేసిన వారాలు పోగా మిగిలిన లెక్కను తెర మీద గీతగా గీశాడు. మొదటి సగం నిండా తూట్లు. తర్వాత 2017 అక్టోబరు 26 నుంచి గీత ఎక్కడా తెగలేదు. కరోనా నెలల్లో కూడా తెగలేదు. ఆయన వేలితో ఆ గీత వెంట చివరిదాకా వెళ్ళాడు. ముఖం వెలిగింది.

"గిది చూడున్రి, ఎనిమిదేండ్లు ఒక్క తూటు లేదు. మస్తు పని. గప్పుడేం చేసిన్రమ్మా, ఇంత పక్కాగ?"

"ఏడేళ్ళ తొమ్మిది నెలల పన్నెండు రోజులు" అన్నాను. "ఏమీ చేయలేదండీ. చేయడానికి ఇంకేమీ లేదు."

సుజన తెర వైపే చూస్తూ ఉంది. శంకరయ్య గారు వేలు వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజు ఆయన డబ్బా తెచ్చి, కుర్చీ లాక్కుని, నా ఎదురుగా కూర్చుని తిన్నాడు. అప్పటికి నాలుగు దాటింది.

పోయినవి

శుక్రవారం పొద్దున ఇల్లు చేరాను. పుస్తకాల్లో ఎర్ర సిరాతో కొట్టేసినవి ఇవి.

అక్క వచ్చి ఉన్న వారాలు 41.
ఆయనతో ఊళ్ళూ, సినిమాలూ, ఊరికే నడకలూ 29.
పెళ్ళిళ్ళూ పేరంటాలూ 15.
ఆయన ఆసుపత్రిలో ఉన్నవి 9.
ఆయన పోయాక, చుట్టాలు ఇంట్లో ఉన్నవి 2.
ఎందుకో గుర్తు రానివి 17.

మొత్తం 113. నిలిచినవి 774.

2025 ఆగస్టు 14, గురువారం, ఎనిమిది వందల ఎనభై ఎనిమిదోది. ఊళ్ళో లేను. గడి ఖాళీగా ఉంచాను.